దయమ్మ కాలి మీద గీసిన పటం

గార్డెన్ రీచ్,
కలకత్తా,
జూలై, వాన వదలని మంగళవారం

జయదేవ్ బావా,

నువ్వు దొంగవి. చేతిలో ఉన్న విద్యను పేదదాని కాలికి అందకుండా దాచుకున్నవాణ్ణి ఇంకో మాటతో పిలవడం నాకు చేతకాదు. క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, చోటు మిగిలితే.

ఫోన్ చెయ్యొచ్చు గదా అంటావు. ఫోన్‌లో నేను రెండో మాటకి రాగానే నీకు పేషెంట్ వచ్చేస్తారు. కాగితానికి పేషెంట్లు రారు. దయమ్మక్క కూతురు షెకైనా రోజూ మీ న్యూ టౌన్‌లోనే ఆఫీసుకి పోతుంది కాబట్టి దాని చేతికిచ్చి పంపుతున్నాను. జవాబూ దాని చేతికే ఇయ్యి. దానికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు, మొహమాటపడకుండా తిట్టు.

నిన్న ఏటి జరిగిందో నీకు తెలీదన్నట్టు నటించకు. దయమ్మక్కకి గౌను తొడిగారు, స్ట్రెచర్ ఎక్కించారు, ఆపరేషన్ థియేటర్ తలుపుదాకా తోసుకెళ్లి వెనక్కి తెచ్చేశారు. మీ జూనియర్ డాక్టరు వరండాలోకొచ్చి, "ఈరోజు అవ్వదు దీదీ, వచ్చేవారం రండి, లేజర్ చేసేస్తాం" అన్నాడు. దర్జీ దగ్గర గుడ్డ మార్చినంత తేలిగ్గా అన్నాడు.

లేజర్ చేస్తామని ఎవరితో మాటయింది? దయమ్మక్కను నీ దగ్గరికి తెచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. డాక్ క్వార్టర్లలో మన గోడ పక్క మనిషని నువ్వే కుర్చీ లాగి కూర్చోబెట్టావు. మెటియాబ్రుజ్ బట్టల కార్ఖానాలో ఇస్త్రీ బల్ల దగ్గర ఇన్నేళ్లు నిలబడి నిలబడి ఆవిడ పిక్కల మీద నరాలు తాళ్లలా పైకి లేచాయి. చీలమండ పైన చర్మం మాడిన గిన్నె అడుగులా నల్లబడింది. పొద్దుగూకేసరికి చెప్పు పట్టదు. అన్నీ చూసి నువ్వు రెండు దార్లు చెప్పావు. ఒకటి, తొడ నుంచి కిందిదాకా పోయే పెద్ద నరాన్ని లోపలే లేజర్‌తో కాల్చి మూసెయ్యడం. రెండోది, నరాన్ని అలాగే ఉంచి, రక్తం వెనక్కి జారే చోట్లు కనిపెట్టి, అక్కడక్కడ చిన్న గాటు పెట్టి కట్టెయ్యడం. కాలికి మాత్రమే మత్తు, అదే రోజు నడిచి ఇంటికి పోవడం.

ఆవిడ ఒక్కటే అడిగింది. "ఉంచితే రేపు గుండెకి పనికొస్తాదా బాబూ?"

"రావచ్చు" అన్నావు. గుర్తుందా?

ఎందుకడిగిందో కూడా చెప్పింది. ఆవిడ అన్నకి విశాఖలో గుండె ఆపరేషన్ చేస్తుంటే కాలి నరం కావాల్సొచ్చింది. రెండు కాళ్లలోవీ ఇదే జబ్బుకి ఎప్పుడో లాగేశారు. చివరికి చేతిలోంచి తీసి అతికించారు, మనిషి బతికాడు. కానీ డాక్టర్లు బయటికొచ్చి "కాళ్లలో ఏమీ లేదే!" అన్నప్పుడు అక్కడ కూర్చున్నది ఈ దయమ్మక్కే. తండ్రి గుండె జబ్బుతోనే పోయాడు. ఈవిడకి షుగరు. తన నరం తనకి కావాలని ఎందుకంటుందో అర్థం చేసుకోడానికి డాక్టరీ చదవక్కర్లేదు.

సర్కారు వైద్య పథకం కార్డు మీద వచ్చిన కాలు గనక కాల్చేసినా అడిగేవాళ్లుండరు అనుకున్నారా? నేనున్నాను. జవాబు రాయి.

అరుంధతి

*

న్యూ టౌన్,
గురువారం

మరదలా,

ఇంత పెద్ద ఉత్తరంలో ఒక్క ముక్క దాచావు. అది నేను రాస్తాను.

ఆదివారం మధ్యాహ్నం దయమ్మక్కను నిలబెట్టి, నేను స్టూల్ మీద కూర్చుని, స్కాన్ యంత్రం పెట్టి ఆ కాలంతా వెతికాను. నిలబెట్టే ఎందుకంటే, పడుకుంటే రక్తం తన దొంగతనం చూపించదు. (దొంగ అనే మాట నీకు ఇష్టం కదా, వాడుకో.) నరంలో చిన్న చిన్న తలుపులుంటాయి. అవి చెడితే పైకి పోవాల్సిన రక్తం కిందికి జారుతుంది. ఏ తలుపు దగ్గర జారుతోంది, ఎక్కడ కడితే నరం చావకుండా రక్తం లోపలి దారి పడుతుంది, ఇవన్నీ చర్మం మీద నీలం మార్కర్‌తో గీశాను. బాణాలు, చుక్కలు, అడ్డగీతలు. ఆ గీతలే ఆపరేషన్. కత్తి తర్వాత సంగతి. ఒక్క వేలెడు అటూ ఇటూ కడితే నరాన్ని కాపాడటం కాదు, చంపడమే.

సోమవారం పొద్దున్న దుప్పటి తీశాను. కాలు తళతళలాడుతోంది. తొడ నుంచి చీలమండదాకా నూనె! నా పటమంతా నీలం మరకయింది, బడిపిల్ల చేతిలో సిరా కారినట్టు.

నర్సుని అడిగాను. ఆదివారం సాయంత్రం విజిటింగ్ టైములో మీ తెలుగు చర్చి పాస్టరు కృపాదానం గారు సంఘంతో వచ్చి, కాలికి నూనె పూసి, అందరూ చేతులుంచి ప్రార్థన చేశారట. "అందరూ" అంటే ఎవరెవరమ్మా అంటే ఆ నర్సు లెక్కపెట్టి చెప్పింది. చివర్లో, "ఇంకో దీదీ కూడా సార్, ఎర్ర చీర, తెల్ల పాపిడి, అందరికన్నా గట్టిగా పట్టుకుంది" అంది.

దేవుడు లేడని డాక్ గేటు దగ్గర మైకు పట్టుకుని అరిచిన ఎర్ర చీర నాకొకటి తెలుసు. ఇంకోటి ఉందా గార్డెన్ రీచ్‌లో?

ఇప్పుడు లేజర్ గురించి. అది దొంగ వైద్యం కాదు. లోకమంతా చేస్తోంది, కాళ్లు బాగవుతున్నాయి, నేను వారంవారం చేస్తున్నాను, నా సొంత తమ్ముడికీ చేశాను. నరం ఉంచే పద్ధతి గొప్పదే, కానీ పటం తప్పితే అది లేజర్ కన్నా చెడ్డది. పటం మళ్లీ గియ్యాలంటే మధ్యాహ్నమంతా పడుతుంది. ఈ నెల నాకు ఆ ఖాళీ లేదన్నారు. అందుకే లేజర్ అన్నాడు మావాడు. వాడి తప్పేమీ లేదు.

వచ్చే సోమవారం తీసుకురా. కాలు పొడిగా ఉండాలి.

జయదేవ్

*

గార్డెన్ రీచ్,
శనివారం

బావా,

అవును, చెయ్యి పెట్టాను. ఇంకోసారి పెట్టమంటే ఇంకోసారి పెడతాను.

దయమ్మక్క నా మణికట్టు పట్టుకుని, "నీకు నమ్మకం లేదని తెలుసు, నాకు నీ చెయ్యి కావాలి" అంది. రేపు కత్తి కిందికి పోయే మనిషి అడిగితే, సిద్ధాంతం అడ్డొస్తోందని చెయ్యి వెనక్కి లాక్కోమంటావా? అలాంటి సిద్ధాంతం నాకొద్దు. నువ్వుంచుకో.

నూనె చేసిన పని నాకు తెలీదు. నీ ఉత్తరంలోనే తెలిసింది. దాచానన్నావే, తెలీనిదాన్ని ఎలా దాచుతారయ్యా? సోమవారం మీవాడు "అవ్వదు" అన్నాడు గానీ ఎందుకవ్వదో చెప్పాడా? చెప్పుంటే నిన్ను దొంగ అనేదాన్ని కాదు, ఇంకేదో అనేదాన్ని.

ఇప్పుడు విను. నువ్వు ఆ గీతలు గీశాక మీ జూనియర్ దయమ్మక్కతో ఏటన్నాడు? "జల్ లాగాబేన్ నా." నీళ్లు తగలనివ్వొద్దన్నాడు. నీళ్లు తగల్లేదు! ఆవిడ ముఖం కూడా తడిగుడ్డతో తుడుచుకుంది. నూనె మాట ఎవరన్నారు? "ఈ గీతలే ఆపరేషన్" అని నాకు ఉత్తరంలో రాశావు. ఆ కాలు ఎవరిది? ఆవిడకి చెప్పావా? మూడు తరాల నుంచి ఈ రేవులో మన ప్రొటెస్టెంట్లు జబ్బు మనిషికి నూనె రాసి ప్రార్థన చేస్తున్నారు. మీ క్వార్టర్ పక్కనే చేసేవారు, నువ్వు గోడెక్కి చూసేవాడివి. ఆపరేషన్ ముందు సంఘం వస్తుందని కలకత్తాలో ఏ సర్జన్‌కి తెలియకపోయినా నీకు తెలియాలి.

నీ ఉత్తరం కృపాదానం గారికి చదివి వినిపించాను. పాపం ఆయన నెత్తి పట్టుకున్నారు. తర్వాత, "డాక్టరు గారి గీతలు కూడా దేవుడిచ్చిన తెలివే గదమ్మా. ఈసారి ప్రార్థన ముందు చేసుకుంటాం, నూనె నుదుటి మీదే రాస్తాం, ఆయన తర్వాత గీసుకోమనండి" అన్నారు. చూశావా, మీ ఆసుపత్రి కన్నా చర్చి తొందరగా మారింది.

ఇక గట్టి విషయం. షెకైనా నిన్న మా ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది.

"పిన్నీ, లేజర్ చేస్తామంటున్నారు గదా, ఎందుకాపుతున్నావు? మా అమ్మ కాలు నీ కరపత్రం కాదు."

గట్టిగానే తగిలింది. దాని కోపానికి కారణముంది. చీలమండ దగ్గర నల్లబడ్డచోట చర్మం పగిలి చెమ్మ వస్తోంది. పుండు పడితే ఎన్నాళ్లకి మానుతుందో నీకు తెలుసు. ఆలస్యమయ్యే ప్రతి వారం నా మెడకే చుట్టుకుంటుంది.

తల్లి దగ్గరికి తీసుకెళ్లాను. ఇద్దరం ఆవిడ ముందే వాదించుకున్నాం. దయమ్మక్క కాలు పీట మీద పెట్టుకుని, చింతపండు గింజలు తీసుకుంటూ అంతా విని, "మీరిద్దరూ నా కాలు కోసం కొట్టుకుంటున్నారు. కాలు ఇక్కడుంది. నన్నడగండి" అంది.

అడిగాం. "ఉంచడానికే సూడమను" అంది.

ఖాళీ లేదన్నారంటున్నావు. ఎవరన్నారు? నీ రోజుల్ని పంచేది ఎవరు? పేరు చెప్పు, ఈసారి ఉత్తరం వాళ్లకే రాస్తాను.

అరుంధతి

*

న్యూ టౌన్,
మంగళవారం

అరుంధతీ,

నువ్వు ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు. నేనే వెళ్లి మాట్లాడాను.

నిజం చెప్తాను. పథకం ప్యాకేజీలో లేజర్ ఉంది. నరం ఉంచే ఆపరేషన్‌నీ ఎలాగో ఇమిడించొచ్చు. కానీ పటం గియ్యడం అనే పనికి ఆ కాగితాల్లో పేరే లేదు. పేరు లేని పనికి టైమివ్వరు. ఒకసారి ఇచ్చారు, అదీ నా మీద మొహమాటంతో. అది నూనెపాలయింది. మా మేనేజర్, "మళ్లీ అంతసేపా డాక్టర్? ఆ టైములో లేజర్లు వరసగా అయిపోతాయి" అన్నాడు. "అవుతాయి. ఈమె లేజర్ అడగలేదు" అన్నాను. ఆ తర్వాత కాసేపు ఇద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. అదంతా నీకు చెప్తే పండగ చేసుకుంటావు, అందుకే చెప్పను.

శుక్రవారం నాకు సెలవు. ఆరోజు ఉదయం స్కాన్ గది ఖాళీగా ఉంటుంది. పటం నా సెలవులో గీస్తాను, వెంటనే ఆపరేషన్. గీతలకీ కత్తికీ మధ్య రాత్రి ఉండదు, విజిటింగ్ టైమూ ఉండదు. పాస్టరు గారిని పెందలాడే రమ్మను, గదికి అడ్డం రానంతవరకూ ఆయన ఇష్టం.

ఒక షరతు. కిందటిసారి చూసినప్పుడు మోకాలి కింద ఒకచోట నాకు అనుమానంగా ఉంది. నరం అక్కడ మరీ పెద్దదైపోయింది. ఈసారి చూశాక ఉంచి లాభం లేదనిపిస్తే కాల్చేస్తాను. అప్పుడు నువ్వు మైకు పట్టుకోకూడదు. ముందే మాటియ్యి. ఆ చెమ్మ సంగతి చదివాక ఇంకో వారం ఆగడం నాకిష్టం లేదు.

జయదేవ్

*

గార్డెన్ రీచ్,
బుధవారం

బావా,

మాట నేనివ్వను. ఇవ్వడానికి ఆ కాలు నాది కాదు. దయమ్మక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో నా మాట ఒక్కటి కూడా లేదు. ఎంత కష్టంగా ఉందో నీకేం తెలుసు!

"డాట్రు బాబూ, నాను దయమ్మని. నన్ను నిలబెట్టి బాగా సూడు. ఎంతసేపైనా నిలబడతాను, నాకు నిలబడ్డం కొత్త కాదు. దాయగలిగితే దాయి. దాయలేకపోతే, నరం ఇలాగుంది దయమ్మా అని నాతో సెప్పి కాల్చు. నాను ఏడవను, నిన్ను తిట్టను. నాతో సెప్పకుండా మాత్రం ఏదీ సెయ్యకు. అరుంధతికి కూడా కాదు, ముందు నాకు సెప్పు. నా పిల్లకి బెంగాలీలో సెప్పు, దానికి భయంగా ఉంది."

అంతే. శుక్రవారం వస్తున్నాం.

అరుంధతి

*

న్యూ టౌన్,
శుక్రవారం

మరదలా,

నువ్వు వరండాలోనే ఉన్నావు. షెకైనా నీ ఒడిలో తల పెట్టుకుంటే నువ్వు ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకున్నావు. నాకు కనపడింది. లోపల జరిగింది మాత్రం నీకు తెలీదు కాబట్టి రాస్తున్నాను.

కృపాదానం గారు నుదుటి మీద బొట్టంత నూనె రాసి, తన చెయ్యి తనే రుమాలుతో తుడుచుకుని, నాకు చూపించి మరీ బయటికి వెళ్లారు.

దయమ్మక్కను నిలబెట్టాను. మోకాలి కింద నేను అనుమానపడ్డ చోటికి రాగానే పిక్క నొక్కి వదిలాను, తెర మీద చూశాను. మళ్లీ నొక్కాను. నరం లావుగానే ఉంది, నిజమే. కానీ అది చెడి లావెక్కలేదు. పైన ఒకచోట నుంచి జారే రక్తమంతా మొయ్యలేక ఉబ్బింది. పైన కట్టేస్తే దీనికి బరువు తగ్గుతుంది. ఆమె వైపు తిరిగి, "దయమ్మక్కా, ఉంచొచ్చు" అన్నాను. ముందు తనకే చెప్పమంది కదా, ముందు ఆవిడకే.

"ఉంచొచ్చని తెలుసు, నువ్వే ఇంతసేపు సూస్తన్నావు" అంది.

తర్వాత ఆపరేషన్. తిమ్మిరి ఇంజక్షన్లు, మూడు చోట్ల చిన్న గాట్లు, అక్కడ కట్లు. పైకి లేచిన వంకర నరాల్లో మరీ పాడైన ముక్కలు రెండు మాత్రం తీశాను, అదీ చెప్పే తీశాను. పెద్ద నరం తన చోట తనుంది. ఆవిడ సాంతం మాట్లాడుతూనే ఉంది. "ఇప్పుడేటి సేస్తన్నావు" అని అడగడం, నేను చెప్పడం. మా జూనియర్‌కి తెలుగు రాదు, "సార్, ఆమె ఏమంటోంది?" అని వాడు అడగడం. చివరికి ఆవిడే వాడికి బెంగాలీలో పాఠం చెప్పింది, తన కాలిలో ఏం జరుగుతోందో.

బల్ల దిగి తనే నడిచింది. నేను ఈ పని బాగా చేశాను అరుంధతీ. చాలా బాగా చేశాను. ఇది అతిశయం అనుకుంటే అనుకో.

మేజోడు వేసుకోవాలి, గట్టిగా పట్టేది. రోజూ నడవాలి. చెమ్మ ఉన్నచోట కట్టు మార్చాలి, నర్సు చూపించింది. కదలకుండా గంటలకొద్దీ నిలబడకూడదు.

జయదేవ్

*

గార్డెన్ రీచ్,
సెప్టెంబర్, దుర్గా పూజల గిరాకీ మొదలైన వారం

బావా,

బాగా చేశావు. నా నోట ఆ మాట ఎన్నేళ్లకొచ్చిందో చూసుకో. పుండు పడబోయిన చోట చర్మం కట్టింది. సాయంత్రానికి చెప్పు పడుతోంది. మొన్న స్కాన్‌లో ఉబ్బిన నరం సన్నబడిందని, రక్తం సరైన దారిలో పోతోందని నువ్వు చెప్పగానే షెకైనా నాకు ఫోన్ చేసి, "పిన్నీ" అని ఏడ్చింది. కరపత్రం మాట ఇద్దరం ఎత్తలేదు.

కానీ ఒక సంగతి. నీ ఉత్తరంలో ఆఖరి మాట చదివావా నువ్వు? కదలకుండా గంటలకొద్దీ నిలబడకూడదు. దయమ్మక్క పనిలోకి పోయిన రోజున వాళ్ల ఓస్తాగర్, అదే, కార్ఖానా యజమాని, ఆవిడ కాలు చూసి సంతోషపడ్డాడు. మంచి మనిషే. "వా! దీదీ, కాలు బాగయిపోయిందా? అయితే పూజ దాకా ఓవర్‌టైమ్ చెయ్యొచ్చు" అన్నాడు. ఆవిడ స్టూల్ అడిగింది. "కూర్చుని ఇస్త్రీ చేస్తే మడత రాదు" అన్నాడు. ఎప్పుడైనా చేసి చూశాడా? ఎవరూ చూడలేదు. ఆ బల్లలు నిలబడే మనిషి ఎత్తుకి చేశారు, అంతే. బల్లని రెండు జానలు కోస్తే స్టూల్ పడుతుంది. బల్లని కొయ్యడం కన్నా కాలిని కొయ్యడం తేలికయింది ఈ ఊళ్లో!

మీ ఆసుపత్రిలో వాళ్లకి పటానికి టైము లేదు. మా కార్ఖానాలో వీళ్లకి కూర్చోడానికి చోటు లేదు. రెండింటి మధ్యా ఆడదాని నరం. నువ్వు అందులో ఒకటి నీ సెలవు రోజు ఇచ్చి గెలిచావు. నేను నీ గొప్పతనాన్ని తగ్గించడం లేదు. కానీ సర్జన్ సెలవు మీద, గయ్యాళి మరదలి నోటి మీద ఆధారపడే వైద్యాన్ని వైద్యం అనను. మరదలు లేనివాళ్లు ఎంతమందున్నారో తెలుసా? దయమ్మక్క వరసలోనే ఇస్త్రీ బల్లల దగ్గర నిలబడే ఆడవాళ్లని చీరలు పైకెత్తి కాళ్లు చూపించమన్నాను. సిగ్గుపడుతూ ఒకరి తర్వాత ఒకరు చూపించారు. నేను ఇంకేమీ రాయను, నువ్వు ఊహించుకోగలవు.

అందుకని నిన్న చర్చి హాల్లో కూర్చున్నాం. హిందువులూ ముస్లిములూ మన ప్రొటెస్టెంట్లూ అందరూ వచ్చారు. పాస్టరు గారు టీ ఇచ్చారు. దయమ్మక్క చెప్పింది, నేను రాశాను. కింద ఉన్నవి తెలుగులో నీకు. బెంగాలీలో మీ మేనేజర్‌కి, ఉర్దూలో ఓస్తాగర్లకి పోతున్నాయి. నీ సంతకం కూడా కావాలి, డాక్టరుగా.

మా డిమాండ్లు:

ఒకటి. నరం కాల్చే ముందు, ఉంచే దారి ఉందా లేదా అని పేషెంటుకే చెప్పాలి. ఆవిడకి వచ్చిన భాషలో చెప్పాలి. ఆవిడ జవాబు వచ్చాకే కత్తి పట్టాలి.

రెండు. కాలిని నిలబెట్టి చూసి పటం గీసే పనిని పథకం కాగితాల్లో ఒక పనిగా రాయాలి. దానికి వేళ కేటాయించాలి. అది డాక్టరు సెలవు రోజుని మింగకూడదు.

మూడు. గీతలు గీశాక ఏది తగలకూడదో అన్నీ చెప్పాలి. సంఘాలు, కుటుంబాలు వచ్చి చేసే వాటి గురించి ముందే అడగాలి, వెక్కిరించకుండా అడగాలి.

నాలుగు. నువ్వు ఈ ఆపరేషన్‌ని మీ జూనియర్‌కి, ఇంకో ఇద్దరికి నేర్పాలి. ఒక్కడి చేతిలో ఉన్నంతకాలం అది దయ మాత్రమే.

ఐదు. ప్రతి ఇస్త్రీ బల్ల దగ్గరా స్టూల్ వెయ్యాలి. బల్లల ఎత్తు తగ్గించాలి. పూజల గిరాకీ అయ్యాక కాదు, ఇప్పుడే.

ఆరు. గంటకోసారి నడవడానికి బయటికి పోనివ్వాలి. నడిచినందుకు కూలి కొయ్యకూడదు.

ఏడు. దయమ్మక్క పక్క బల్ల అప్పాయమ్మ సోమవారం మీ ఓపీకి వస్తుంది. ఆవిడకి నువ్వెవరో తెలీదు, నేను వెంట రాను. నిలబెట్టి చూడాలి.

అరుంధతి